సముద్రం నుంచి సముద్రానికి, మధ్యలో ఒక వాటర్ పంపు

ఆ వ్యాను బేరం చేయడానికి బావ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు వెనకాల, తుక్కు ఇనుము మధ్య, నాలుగు చక్రాల్లోనూ గాలి లేకుండా చతికిలపడి ఉంది. ఒకప్పుడు ఏదో మిషన్ ఆసుపత్రివాళ్లు పల్లెలు తిరిగి మందులిచ్చిన బండి అట. వయసు నలభై దాటింది. అలాంటి బళ్లు తయారుచేయడం మానేసి కూడా చాలా ఏళ్లయింది.

బావ అంటే మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. బావ ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చెడిపోయిన ఇనుము కనబడితే బాగుచేయకుండా ఉండలేడు. నేను గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల కొట్టులో పుట్టి పెరిగి, ఇప్పుడు అదే రోడ్డులో గాజులూ రిబ్బన్లూ అమ్ముకుంటున్నదాన్ని. చెప్పిన ధరకి ఏదైనా కొన్న రోజు నాకు ఒంట్లో నలతగా ఉంటుంది. ఎవరి జబ్బు వాళ్లది.

షెడ్డు యజమాని ధర చెప్పగానే నవ్వి, సగం చెప్పాను. అది మొదటి మెట్టు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్క లోపం కూడా ఎత్తి చూపకుండా, "పద బావా, ఎండెక్కిపోతంది" అన్నాను. అది రెండో మెట్టు. మూడోది గేటు దాకా నడవడం. తొందరగా నడవకూడదు, వెనక్కి తిరక్కూడదు. గేటు దగ్గర పిలిచాడు. పిలుస్తాడని తెలుసు.

"సివరాకరి మాట సెప్తన్నానమ్మా," అన్నాడు. "నువ్వన్న రేటుకి బండొక్కటే. ఈ డబ్బా మాత్రం రాదు."

ఆ డబ్బాలో పాత విడిభాగాలున్నాయి. వాటిని బావ అప్పటికే రెండుసార్లు చేత్తో తడిమి చూసుకున్నాడు.

"నీ డబ్బా నువ్వే ఉంచుకో," అన్నాను.

తిరిగి వస్తుంటే బావ ఆటోలో గొణుక్కున్నాడు. "మరదలా, అందులో ఇంజనుకి నీళ్లు తిప్పే వాటర్ పంపుందే. ఈ బండికి మరెక్కడా దొరకదు."

"డబ్బులుంటే దొరకందేటి బావా?"

"మరి డబ్బులు నువ్వు ఇవ్వనిస్తేనా?"

ఆ రోజంతా నేను గెలిచిన ముఖంతోనే తిరిగాను.

బండిని బావ ఏడు నెలలు బాగుచేశాడు. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేశాక కూర్మన్నపాలెంలో వాళ్లు అద్దెకుండే ఇంటి ముందు ఖాళీ జాగాలో, తెల్లారి మొదలుపెడితే అప్ప అన్నానికి మూడోసారి పిలిచేదాకా బండి కిందే ఉండేవాడు. లోపల రెండు మడత మంచాలు, ఒక స్టౌ, నీళ్ల ట్యాంకు, చిన్న బీరువా. అప్పట్లో అది రిటైరైన మనిషి కాలక్షేపం అనుకున్నాం. దానికో పని పడుతుందని ఎవరమూ అనుకోలేదు.

మే నెల మొదట్లో అప్ప మెట్లమీద పడింది. అది మూడోసారి. డాక్టరు కళ్లు పరీక్ష చేసి నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపుని అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. ఎదురుగా ఉన్న మనిషి ముఖం బాగానే కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ మనిషి ఉన్నట్టే తెలీదు. అప్పకి రెండు కళ్లూ కలిపి ఒక గొట్టంలోంచి చూసినంత మిగిలింది. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టడానికి ఆపరేషన్ చేస్తాను, అదీ తప్పకుండా నిలబడుతుందని మాటివ్వలేను అన్నాడు. జూన్ మధ్యలో తేదీ ఇచ్చాడు.

ఆ సాయంత్రం అప్ప ఏడవలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ, పళ్లేన్ని కళ్ల ముందుకి తెచ్చుకుని, ఒక మాట అడిగింది.

"సూర్యుడు సముద్రంలో ములగడం నానెప్పుడూ సూడలేదే. ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి సూడాలి."

మా సముద్రంలో సూర్యుడు పుడతాడు. కార్తీకమాసంలో బీచికెళ్లి చూసేది అదే. సాయంత్రం మాత్రం ఊరి వెనక కొండల్లోకి పోతాడు. క్వార్టర్లలో ఉన్నప్పుడు పక్కింట్లో కేరళావిడ ఉండేది. మా బీచి చూసొచ్చి, "సముద్రం బాగుంది గానీ మీ సూర్యుడు తప్పు వైపున్నాడు" అందట. ఆ మాట అప్ప ఇరవై ఏళ్లు దాచుకుంది. నాతో కూడా అనలేదు.

రైలెక్కితే రెండు రోజుల పని అని అందరూ అన్నారు. ఎక్కే మెట్టు, దిగే మెట్టు, ఊగే పెట్టెలో బాత్‌రూము, కొత్త హోటల్లో కొత్త గుమ్మం. అప్ప ఒకసారి ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఆ సముద్రం కాడికి కాలు ఇరగ్గొట్టుకుని ఎల్తాను" అంది. బండిలో అయితే అన్నీ ఒకే చోట ఉంటాయి. మంచం నుంచి తలుపుకి మూడడుగులు. గ్లాసులు ఎడమ కొక్కానికి, పంచదార పై అరలో మొదటి డబ్బా, చెప్పులు మెట్టు కింద. చుట్టూ ఊరు మారినా బండి మారదు. బావ ఒక వారం రోజులు అప్ప కళ్లకి గంతలు కట్టి బండిలో టీ పెట్టించాడు. అప్పుడు బయల్దేరాం. బావ తోలడానికి, అప్ప చూడడానికి, నేను తోడుకి. కొట్టు మా ఆయనకి అప్పజెప్పాను. అడిగినవాళ్లకి అడిగినంత తగ్గించే మనిషి. దారి పొడుగునా నా గుండె సగం గోపాలపట్నంలోనే ఉంది.

మొదటి రోజు నేనొక ఘనకార్యం చేశాను. డబ్బాలు పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉన్నాయని, కొట్టులోలాగా సైజువారీగా సర్దేశాను. రాజమండ్రి దగ్గర అప్ప పెట్టిన టీ బావ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మరదలా."

"ఏటి బావా?"

"నీ కొట్టు గోపాలపట్నంలో ఒగ్గీసి రా. ఉప్పు టీ నానెప్పుడూ తాగలేదు."

డబ్బాలన్నీ మళ్లీ యథాస్థానంలో పెట్టాను. ఆ తర్వాత ఆ బండిలో ఏ వస్తువూ కదపలేదు.

బండి గంటకి నలభై అయిదు కిలోమీటర్లు పోతుంది. అంతకు మించితే ఒళ్లంతా వణుకుతుంది. లారీలవాళ్లు హారన్ కొట్టి, దాటుతూ లోపలికి తొంగి చూసి, అప్ప ఉల్లిపాయలు తరుగుతుంటే చెయ్యి ఊపేవారు. రోజుకి మూడుసార్లు, సరిగ్గా వేళకి, ఎక్కడుంటే అక్కడ చెట్టు నీడ చూసి బావ బండి ఆపేవాడు. అప్ప కళ్లలో చుక్కలు వేయాలి. పొద్దున్నా సాయంత్రం బావ వేసేవాడు, మధ్యాహ్నం నేను. తల వెనక్కి వంచి, రెప్ప లాగి పట్టుకుని, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క. తర్వాత అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ అయిదు నిమిషాలూ దారిలో ఏముందో చెప్పమనేది.

చెప్పేదాన్ని. నాకు చెప్పడమంటే కాస్త పెంచి చెప్పడం. విజయవాడ ముందు తోటల్లో మామిడికాయలు గుమ్మడికాయలంత ఉన్నాయన్నాను. "అంత లేవులే," అంది కళ్లు తెరవకుండానే.

ఆపిన ప్రతిచోటా నేను దిగి ఏదో ఒకటి బేరమాడేదాన్ని. మామిడిపళ్లు, మిరపకాయలు, వెదురు విసనకర్ర. అవసరమని కాదు. "నువ్వు దిగినప్పుడల్లా పావుగంట పోతంది," అనేవాడు బావ. ఫోనులో వర్షాల బొమ్మ పెట్టుకుని చూసేవాడు. రుతుపవనాల గీత కేరళని ముట్టుకుంది. రోజుకింత చొప్పున పైకి పాకుతోంది. మేము వెళ్లేది పడమటి తీరంలో కార్వార్ వైపు. గీత మాకన్నా ముందు చేరితే మబ్బు తప్ప సూర్యుడు కనిపించడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

వినుకొండ, నంద్యాల, ఆదోని దాటాం. ఆరో రోజు, సోమవారం, బళ్లారి దాటి గంట పోయాక ఇంజను ముందునుంచి ఆవిరి లేచింది. బావ మెల్లగా ఒక చిన్న ఊరి చివర పెట్రోలు బంకు దాకా నడిపి ఆపాడు. కింద దూరి, చేతులు నల్లగా చేసుకుని లేచి, నా వంక చూశాడు.

"వాటర్ పంపు పోనాది."

నేను ఆకాశం వంక చూశాను.

పాత పంపు విప్పి, న్యూస్‌పేపర్లో చుట్టి, నా చేతికిచ్చాడు. ఇంజను విప్పేసి ఉంది, అప్పని ఒంటరిగా వదలడానికి లేదు. "బజార్లో స్పేర్ పార్టుల కొట్లుంటాయి. దీనిలాటిదే కావాలి. బేగి రా," అన్నాడు.

బజార్లో ఆ వీధి దొరికింది. మొదటి నాలుగు కొట్లవాళ్లు పొట్లం విప్పి చూసి నవ్వారు. అయిదో కొట్టు చివర్న ఉంది. లోపల ఒక పెద్దాయన. పంపుని అటూ ఇటూ తిప్పి చూసి, స్టూలెక్కి, పై అరలో చెయ్యి పెట్టి ఒక అట్టపెట్టె తీశాడు. దానిమీద దుమ్ము వేలి మందాన ఉంది. ఆ దుమ్ము చూడగానే నాలో కొట్టుమనిషి నిద్ర లేచింది. అంత దుమ్మంటే ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు. పడి ఉన్న సరుకుని వదిలించుకోవడానికి ఎవరైనా ఎంతకైనా దిగుతారు. మేమైతే దిగుతాం.

"ఉండేది ఇదొకటే పీసమ్మా," అన్నాడు. కర్ణాటకైనా ఆ వైపు తెలుగు కూడా మాట్లాడతారు. ధర చెప్పాడు.

నవ్వాను. సగం చెప్పాను.

"తగ్గదమ్మా."

"ఎన్నాళ్లనుంచో పడి ఉన్నట్టుంది కదండీ."

"పడే ఉంది. ఇంకా ఉంటాది. దానికేం తిండి పెట్టాల్నా?"

కాస్త పెంచాను. తల ఊపాడు, అడ్డంగా. ఇక మిగిలింది నడకే. పాత పంపుని మళ్లీ పొట్లం కట్టుకుని మెట్టు దిగాను.

మా నాన్న నేర్పిన విద్య ఇది. చిన్నప్పుడు అప్పా నేనూ గల్లాపెట్టె వెనక పీటలమీద కూర్చునేవాళ్లం. బేరం కుదరక మనిషి మెట్టు దిగితే నాన్న గుసగుసగా అడుగులు లెక్కపెట్టేవాడు. వెంటనే పిలిస్తే మనం లోకువ. పక్క కొట్టు గుమ్మం దాటితే మనిషి మనకి దక్కడు. సరిగ్గా గుమ్మం మీద పిలవాలి. నాన్న పిలుపు ఎప్పుడూ గుమ్మం తప్పలేదు.

అందుకని నేనూ పక్క కొట్టు గుమ్మం దగ్గర అడుగు నెమ్మది చేశాను. పిలవలేదు. రెండో గుమ్మం. పిలవలేదు. మూడో గుమ్మం దగ్గర చెప్పు సర్దుకునే వంకతో ఆగి, ఓరకంట చూశాను. పెద్దాయన అట్టపెట్టెని మళ్లీ పై అరలో పెట్టి, స్టూలు దిగుతున్నాడు.

అప్పుడే వెనక్కి వెళ్లి కొనేస్తే సరిపోయేది. కానీ దిగిన మెట్టు తనంతట తనే మళ్లీ ఎక్కిన మనిషి చెప్పిన ధరకి కొనాల్సిందే. అది మా వీధి చట్టం. ఎక్కలేకపోయాను. పోనీ రేపు పొద్దున్న బోణీ వేళకి వద్దాం అనుకున్నాను. కొట్టు తెరవగానే వచ్చిన మొదటి బేరాన్ని ఏ వ్యాపారీ ఒట్టి చేతులతో పంపడు. లాభం లేకపోయినా ఇస్తాడు. నేనైతే నష్టానికైనా ఇస్తాను.

బంకు దగ్గరికి వచ్చేసరికి అప్ప నీడలో కూర్చుని ఉంది.

"దొరికిందేటే?"

"ఇవాళ లేదంట అప్పా. రేపు తెప్పిస్తాడంట," అన్నాను.

ఆ అబద్ధం నోట్లోంచి చాలా నున్నగా వచ్చింది. సరుకు గురించి రోజుకి ఇరవై చెప్పే నోరు.

మంగళవారం పొద్దున్న ఆ వీధిలో మొదటి మనిషిని నేనే. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. తొమ్మిదయింది. పదయింది. ఎదురుగా టీ కొట్టు అతను జాలిపడి చెప్పాడు. ఆ వీధికి మంగళవారం సెలవు. పెద్దాయనది పక్క ఊరు, బుధవారం గానీ రాడు.

"సరుకు బండి రాలేదంట. రేపు తప్పకుండా అన్నాడు," అని అప్పకి చెప్పాను. బావ ఫోను తీసి గీత ఎక్కడుందో చూసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం పెద్దాయన షట్టరు ఎత్తి, అగరొత్తి వెలిగించేదాకా ఆగి, చెప్పిన ధర మొత్తం బల్లమీద పెట్టాను. స్టూలెక్కి పెట్టె దించాడు. ఉండబట్టలేక అడిగాను.

"మొన్న నేను వెళ్లిపోతుంటే పిలవలేదేంటండీ?"

"పిలిస్తే తగ్గించాల్ల కదమ్మా. తగ్గించేదానికేముంది? నాకు పడిన ధరే మీకు చెప్పినా. శానా దూరం నుంచి వచ్చినట్టుండారు, పాత సరుకు, పోనీలే అని." పెట్టెమీద దుమ్ము గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "అవసరమైతే మీరే వస్తారనుకున్యా. మొన్ననే తీసుకునింటే పోయుండు కదా."

యాభై ఏళ్లు వ్యాపారంలో ఉండి, అసలు ధరకి ఇస్తున్న మనిషిని గుర్తుపట్టలేకపోయాను. నాకు మిగులుతుందనుకున్నది ఎంతో చెబితే నవ్వుతారు. ముగ్గురం ఒక పూట హోటల్లో తిన్నంత.

బావ పంపు బిగించి మధ్యాహ్నానికి బండి కదిలించాడు. హుబ్లీ దాటి, కొండల్లో ఘాటు రోడ్డు దిగి, శుక్రవారం సాయంత్రం కార్వార్ అవతల ఒక చిన్న బీచికి చేరాం. ఘాటులోనే వాన మొదలైంది. సముద్రం ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని బూడిదరంగు. పడవలన్నీ ఒడ్డుకి లాగి, తాటాకులు కప్పేశారు. అప్ప బండి తలుపులో నిలబడి, తలని కొంచెం కొంచెంగా తిప్పుతూ, తనకున్న ఆ చిన్న గొట్టంతో సముద్రమంతా వెదికింది.

ఒడ్డున టీ అమ్మే ఆవిడతో బావ ప్లాంటులో నేర్చుకున్న హిందీలో మాట్లాడాడు. గొడుగు కింద తిరిగొచ్చి చెప్పాడు. "మొన్న సాయంత్రం దాకా బెమ్మాండంగా కనిపించేడంట. నిన్నటినుంచి ముసురంట."

మొన్న అంటే బుధవారం. సోమవారం పంపు చేతికొచ్చి ఉంటే, మంగళవారం తెల్లారి బయల్దేరి, బుధవారం సాయంత్రానికి ఇక్కడ ఉండేవాళ్లం. ఆ లెక్క నేను లోపల వేసుకుంటుండగానే బావ పైకి అనేశాడు. "ఆ పంపు కొట్టోడు సోమారమే తెప్పించుంటే సరిపోను."

"ఆడి కొట్టుకి తాళం పడిపోనూ!" అంది అప్ప.

కొట్టు ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లకి తెలుసు, ఆ తిట్టు తిట్టరు. మనిషిని ఎన్నైనా అనొచ్చు, కొట్టుని అనకూడదు. చిన్నప్పుడు ఎదుటి కొట్టుమీద కోపంతో నేనొకసారి ఆ మాట అంటే, అమ్మ నా నోరు ఉప్పునీళ్లతో కడిగించింది. అప్పకీ తెలుసు. తెలిసీ అందంటే అంత దుఃఖంలో ఉందన్నమాట. అబద్ధాన్ని నేను ఇంకో నెల మోయగలిగేదాన్నేమో. అగరొత్తి వెలిగించుకుని, పడిన ధరకి నాకు సరుకిచ్చిన మనిషి కొట్టుకి మా అప్ప తాళం వేస్తుంటే మాత్రం వినలేకపోయాను.

"అలా అనకప్పా. ఆయన తప్పు లేదు. పంపు సోమవారమే ఉంది," అన్నాను. తర్వాత అంతా చెప్పాను. దుమ్ము, సగం ధర, మూడు గుమ్మాలు, బోణీ, మంగళవారం.



"నా కళ్లమీద బేరమాడేవేటే," అంది అప్ప.

"అప్పా..."

"బేరం ఆడితే ఆడేవు. అది నీ పుట్టుక. సోమారం వచ్చి నాతోటి నిజం సెప్తే మీ బావని పంపేదాన్ని కదే? గంటలో తెచ్చీసును. లేదంట, తెప్పిస్తాడంట! ఎవరికి సెప్పేవే ఆ కతలు? నీ కొట్టుకొచ్చిన బేరాన్నా నాను?"



ఆ తర్వాత మూడు రోజులు అప్ప నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే బావ ద్వారా. "మీ మరదలికి సెప్పండి, టీ సల్లారిపోతందని." మూడడుగుల బండిలో, మోకాళ్లు మోకాళ్లు తగులుతూ. మధ్యాహ్నం చుక్కలు కూడా బావ చేతే వేయించుకుంది. నేను సీసా పట్టుకుని దగ్గరికెళితే కళ్లు గట్టిగా మూసేసుకుంది. అది మాత్రం బాగా తగిలింది.

బావ ఒక సాయంత్రం పడవల దగ్గర నాతో అన్నాడు. "ఆటోనగర్‌లో ఆ డబ్బా వద్దన్నది నువ్వు. నోరు మూసుకున్నది నాను. అందులో సగం తప్పు నాదేలే."

"మరి సోమవారం తప్పు?"

"అది మొత్తం నీదే." నవ్వాడు. నవ్వినందుకు బతికాను.

బుధవారం తెల్లారి తిరుగు ప్రయాణం. ఆపరేషన్ తేదీకి అంతకన్నా ఆలస్యం చేయడానికి లేదు. శని, ఆది, సోమ, ముసురు విడవలేదు. మంగళవారం మధ్యాహ్నం అన్నాల తర్వాత వాన తెరిపిచ్చింది. చుక్కల వేళకి బావ టైర్లు చూస్తున్నాడు. అప్ప మంచంమీద కూర్చుని, తల వెనక్కి వంచి, "ఎవరు కాళీగా ఉంటే ఆళ్లు ఎయ్యండి," అంది. నేనే ఖాళీగా ఉన్నాను. వేశాను. ఈసారి కళ్లు మూసేసుకోలేదు.

సాయంత్రం బావ మడత కుర్చీ ఇసుకలో వేసి అప్పని కూర్చోబెట్టాడు. నేను పక్కన ఇసుకలో. పైన మబ్బు అలాగే ఉంది, కానీ కింద, నీళ్లకి దగ్గర్లో, ఒక సందు తెరుచుకుంది. ఆరున్నర దాటాక మబ్బు అడుగునుంచి సూర్యుడు జారాడు.

"ఏదీ? ఎక్కడ?" అప్ప తల వెదుకుతోంది. బావ రెండు వేళ్లతో ఆమె గడ్డం పట్టుకుని, కొద్దిగా కుడికి, కొద్దిగా కిందికి తిప్పి ఆపాడు.

"ఆ," అంది. "దొరికేడు."

చాలాసేపు కదల్లేదు. చూపు జారిపోతుందని ఊపిరి కూడా చిన్నగా తీసింది. "ఎర్రగా లేడే. తోమని ఇత్తడి పళ్లెంలా ఉన్నాడు," అంది. ఆ మాట నాతోనే అంది.

నీళ్లకి ఇంకా జానెడు ఎత్తు ఉందనగా అడుగున మరో మబ్బు కట్ట అడ్డొచ్చింది. పల్చటిది, నీళ్ల రంగులోనే ఉంది. దూరం నుంచి చూస్తే నీళ్లే అనిపిస్తుంది. సూర్యుడు దాని వెనక్కి దిగాడు. సగం అయ్యాడు, గీత అయ్యాడు, పోయాడు.

"ములిగేడా?" అంది అప్ప. "నీళ్లలోకేనా దిగేడు?"

అవునంటే సరిపోయేది. ఆమెకి ఆ తేడా కనిపించదు. వచ్చిన పని పూర్తయ్యేది, రెండు రోజులు పోగొట్టిన పాపమూ తీరేది. మాట నాలుకమీద తయారుగా ఉంది. అప్ప నా వైపు తిరగలేదు. సముద్రం వైపే చూస్తూ అంది.

"నాకు సరుకు అమ్మకే. ఉన్నది సెప్పు."

"లేదప్పా," అన్నాను. "నీళ్ల దాకా రాలేదు. జానెడు పైన మబ్బుంది. దాని వెనక్కి పోయాడు."

తల ఊపింది. కోపం ఉందో లేదో తెలియలేదు.

"సరే. పక్కన ఏటుంది? నాకు మద్దినున్నదే కనిపిస్తంది."

"ఎడమ వైపు వాన పడుతోంది. సముద్రం మీద, దూరంగా. నిలువుగా గీతల్లాగా."

"పెద్దదా?"

"పెద్దది కాదు. మామూలు వాన. కుడి వైపు కొండ, దానిమీద పచ్చగా ఏదో ఉంది, ఏ చెట్లో తెలీటం లేదు. కింద ఇద్దరు మనుషులు పడవమీద తాటాకులు మళ్లీ కప్పుతున్నారు. ఒకడు తడిసిపోయాడు. మబ్బు అంచుకి కాస్త పసుపు రంగు మిగిలింది. ఎక్కువ లేదు."

"ఇంకా?"

"నీళ్లు ఇటువైపు బురదగా ఉన్నాయి. మన సముద్రంలాగే ఉంది అప్పా. పెద్ద తేడా ఏం లేదు."

"ఇంకా?"

ఉన్నవన్నీ చెప్పాను. పసుపు పోయిందని చెప్పాను, వాన ఒడ్డుకి దగ్గరవుతోందని చెప్పాను. బావ కుర్చీ మడవడానికి వచ్చి, మేము లేవకపోయేసరికి గొడుగు తీసి అప్ప తలమీద పట్టుకుని నిలబడ్డాడు.